పుష్పమ్మ ఆగే చోటు

పుష్పమ్మ పెట్టుకున్న ఒట్టు సంగతి వీపనగండ్ల పక్కనున్న ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆమె అంత గట్టిగా పెట్టుకుంది మరి. మూడేళ్ల కిందట కొడుకు ప్రశాంత్ నాగర్‌కర్నూల్‌లో ఇరమ్ అనే అమ్మాయిని రిజిస్టరాఫీసులో పెళ్లి చేసుకుని, వెంటబెట్టుకొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కోడలు నోరు తెరవకముందే, ఆమె ముఖమైనా సరిగా చూడకుండా పుష్పమ్మ ధడాలున తలుపేసింది. అంతటితో ఊరుకోలేదు. ఆ ఆదివారం చర్చిలో సంఘం అందరి ముందూ బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పింది.

"నా చేతి మంచినీళ్లు గా పోరికి తాప. దాని చేతి బువ్వ నేను ముట్ట. ఇంటున్నరు గద అందరు!"

పాస్టరు గారు ఏదో అనబోయి ఊరుకున్నారు. పుష్పమ్మ నోటి ముందు ఊరుకోవడం ఆయనకు పదేళ్లుగా అలవాటే.

ప్రశాంత్ విత్తనాల దుకాణంలో పనిచేస్తాడు. తండ్రి నాగప్ప పోయినప్పటి నుంచి తల్లి మందులూ మాకులూ అన్నీ అతనే చూస్తాడు. నెలకోసారి వచ్చేవాడు. తల్లి కంచంలో అన్నం పెడితే, "ఇద్దరికి పెట్టిననాడు తింటనమ్మా" అని మందుల సంచి గూట్లో పెట్టి, ఖాళీ కడుపుతోనే బస్సెక్కేవాడు. అతను అలా వెళ్లిన పూట పుష్పమ్మ కూడా తినేది కాదు. మొండితనంలో తల్లీకొడుకులది ఒకటే అచ్చు.

అంతలో ఆమె కళ్లకు శుక్లాలు వచ్చాయి. ముందు ఒక కంటికి, ఆ తర్వాత రెండోదానికి. చర్చిలో అందరికంటే గట్టిగా వాక్యం చదివే మనిషికి అక్షరాలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. బైబిలు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చునేది. పేజీలు తిప్పేది. ఎందుకు తిప్పుతున్నావని ఎవరైనా అడిగితే విరుచుకుపడేది.

అప్పుడు పాస్టరు గారి భార్య రాధమ్మ ఒక చిన్న పాటల డబ్బా తెచ్చిచ్చింది. మీట నొక్కితే యేసు శిష్యుడు యోహాను రాసిన మొదటి ఉత్తరాన్ని ఒక ఆడపిల్ల చదువుతుంది.

"ఎవరమ్మగారు ఈ బిడ్డ?"

"నాకెరికైన టీచరమ్మ. పేరు చెప్పొద్దన్నది" అని రాధమ్మ మాట తప్పించింది.

ఆ గొంతు ఎవర్నీ బెదిరించదు. మైకులో నరకాన్ని కళ్ల ముందు నిలబెట్టే గొంతు కాదది. పక్కన కూర్చుని బియ్యం ఏరుకుంటూ మాట్లాడినట్టు ఉంటుంది. యోహాను చెప్పేదీ పెద్ద చిక్కు సంగతేం కాదు. దేవుడంటే ప్రేమేననీ, ముందుగా ప్రేమించింది ఆయనే గాని మనం కాదనీ, ఆ ప్రేమ మనలో ఉందో లేదో పక్కమనిషి దగ్గరే తేలిపోతుందనీ తిప్పి తిప్పి చెబుతాడు. పుష్పమ్మ పొద్దున ముఖం కడుక్కుంటూ విన్నది, పొయ్యి దగ్గర విన్నది, పడుకుంటూ విన్నది. ఎనిమిది నెలల్లో ఐదు అధ్యాయాలూ కంఠతా వచ్చేశాయి.

నాలుగో అధ్యాయం చివర ఒకచోట ఆ గొంతు ఆగుతుంది. కంటికి కనబడే తోడబుట్టినవాణ్ణి ద్వేషిస్తూ, కనబడని దేవుణ్ణి ప్రేమిస్తున్నానని ఎవడైనా అంటే... అక్కడ. గుటక మింగిన చప్పుడు వినబడుతుంది. ఆ తర్వాతే, అదంతా అబద్ధమని మెల్లగా ముగుస్తుంది. అలా చదవడమే పద్ధతి కాబోలనుకుంది పుష్పమ్మ. చర్చిలో అప్పజెప్పేటప్పుడు తనూ సరిగ్గా అక్కడే ఆగి, గుటక మింగి, తర్వాత ముగించేది. "మా పుష్పమ్మది ఏం భక్తి!" అని ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకునేవారు. ఆమె ఎవర్ని ద్వేషిస్తోందో ఆ చర్చిలో అందరికీ తెలుసు. అయినా కళ్లొత్తుకునేవారు. మన భక్తి సంగతి ఇంతే మరి.

ఊరికే వింటుంటే పుష్పమ్మకు మనసొప్పలేదు. రాధమ్మ నాగర్‌కర్నూల్ వెళ్లినప్పుడల్లా ఆ గొంతుగల పిల్లకు ఏదో ఒకటి పంపేది. మూత మీద 'పి. నాగప్ప' అని భర్త పేరు కొట్టించిన స్టీలు డబ్బాలో ఒకసారి చింతకాయ తొక్కు, ఒకసారి నువ్వుల ముద్దలు, ఇంకోసారి నెయ్యి రాసిన సజ్జరొట్టెలు. ఖాళీ డబ్బా తిరిగొచ్చేది, మళ్లీ నిండి వెళ్లేది. "మా బిడ్డకియ్యుండ్రి" అని మరీ మరీ చెప్పి పంపేది.

మొన్న బుధవారం నాగర్‌కర్నూల్‌లోని ఒక కంటి దవాఖానలో కుడికంటికి ఆపరేషన్ చేసి పట్టీ వేశారు. ఎడమకంటికి వెలుగూ నీడా తప్ప ఏమీ అందదు. ఏడవద్దు, వంగొద్దు అని డాక్టరు చెప్పి వెళ్లాడు. ప్రశాంత్ మందులు కొనిచ్చి దుకాణానికి వెళ్లాడు, తోడుగా రాధమ్మ ఉంది. వచ్చే ఆదివారం వనపర్తిలో స్త్రీల కూడికలో నాలుగో అధ్యాయం అప్పజెప్పాలి కదా అని పుష్పమ్మ మంచం మీద పడుకుని పెదవులు కదుపుతోంది.

మధ్యాహ్నం ఎవరో తలుపు దగ్గరికి వచ్చారు. రాధమ్మ గుసగుసగా అంటోంది.

"పండుకున్నట్టున్నది. గాడ పెట్టి పో."

"జావ చల్లారకముందే తాపండి, అమ్మగారు. బీపీ ఉన్నదని ఉప్పు తక్కువేసిన."

అదే గొంతు!

"బిడ్డా! నువ్వేనా?" అంటూ చెయ్యి చాపి గాలిలో వెతికింది. సన్నటి వేళ్లు దొరికాయి. గట్టిగా పట్టుకుంది. "యోహాను ఉత్తరం చదివిన బిడ్డవు నువ్వే గద! నేను గుర్తుపట్టనా? నా కడుపుల పుట్టకపోతివి గని, నా బిడ్డవే నువ్వు. నాకూ ఒక కోడలు దొరికింది, దాని సంగతి అడగకు. నా కొడుకును నా కంచం కాడ కూసోకుండ చేసింది."

"పుష్పమ్మా, జర ఆగు" అంది రాధమ్మ.

"మీరుండుండ్రి అమ్మగారు." పుష్పమ్మ రెండో చెయ్యి స్టీలు డబ్బాకు తగిలింది. మూత మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలను వేళ్లతో తడిమి నవ్వింది. "గిది నా డబ్బనే! ఇగ నీ పేరు చెప్పు బిడ్డా. రోజూ ప్రార్థనల పేరు లేకుంట 'ఆ బిడ్డ, ఆ బిడ్డ' అంటున్న. దేవుడైనా ఎవరనుకోవాలె?"

ఆ సన్నటి వేళ్లు జారబోయి, ఆమె చేతిలోనే ఆగాయి.

"ఇరమ్, అత్తమ్మా."

పుష్పమ్మ చెయ్యి డబ్బా మీదే బిగుసుకుపోయింది. ముందుగా ఆమెకు గుర్తొచ్చింది దేవుడు కాదు, చింతకాయ తొక్కు. తర్వాత నువ్వుల ముద్దలు. ఆ తర్వాత నెయ్యి రాసిన రొట్టెలు. మంచినీళ్లు తాపనని బైబిలు మీద ఒట్టేసి, ఎనిమిది నెలలుగా కోడలికి నెయ్యి తినిపించింది!

"గింత మోసమా, అమ్మగారు!" అని రాధమ్మ మీద అరిచింది.

"చెప్పి ఇస్తే గా పాటల డబ్బాను పెంటల పడేస్తుంటివి. అవునా, కాదా?"

అవును. పడేసేదే. పుష్పమ్మ ఇరమ్ ఉన్న వైపు తల తిప్పింది.

"నువ్వు మా దేవుణ్ణి నమ్మవు గద. ఎందుకు చదివినవు?"

"నేను నమాజ్ చేసుకుంట అత్తమ్మా. అది అట్లనే ఉంటది. మీరు పుస్తకం ఒళ్లె పెట్టుకొని ఉత్తగ కూసుంటున్నరని చెప్పుకుంట ఆయన ఏడ్చిండు. నేను బళ్లె తెలుగు పాఠం చెప్పేదాన్నే. చదివి ఇచ్చుడు ఎంత పని అనుకున్న."

"తొక్కు... వాడు తిన్నడా?"

"మూత తీయంగనే మీ చెయ్యని తెలుసుకున్నడు. 'మస్తు కారమున్నది' అనుకుంట, కండ్లు తుడుసుకుంట తిన్నడు."

ఆ తొక్కులో ఎంత కారం వేసిందో పుష్పమ్మకు తెలియదా? కళ్ల నీళ్లు వచ్చేంత కారం ఆమె ఏనాడూ వేయలేదు.

కాసేపటికి అడగకుండా ఉండలేకపోయింది.

"నాలుగో అధ్యాయంల ఆడ ఎందుకు ఆగినవు?"

ఎక్కడ అని ఇరమ్ అడగలేదు. "తప్పు పోయిందని మళ్ల మళ్ల చదివిన అత్తమ్మా. మూడుసార్లు గాడనే ఆగిపోయిన. మీరు తలుపేసిన చప్పుడు యాదికొచ్చింది."

ఇరమ్ పేరు విన్నప్పుడు తగిలింది అసలు దెబ్బే కాదని అప్పుడు తెలిసింది పుష్పమ్మకు. సంఘం అందరి ముందూ, కళ్లు మూసుకుని, చేతులు చాపి, ఎనిమిది నెలలుగా తను భక్తిగా మింగిన గుటక ఈ పిల్లది. తను తలుపేస్తే ఈ పిల్ల దిగమింగుకున్న ఏడుపు. దాన్ని నేర్చుకుని అప్పజెప్పి మెప్పు పొందింది. సిగ్గుతో ఆమెకు మంచం మీద నుంచి లేచి ఎటైనా వెళ్లిపోవాలనిపించింది. పోదామన్నా కళ్లు లేవు.

"నేను పోత అత్తమ్మా. జావ అమ్మగారు తాపుతరు" అంది ఇరమ్. రెండడుగుల చప్పుడు వినబడింది.

"ఆగు."

అడుగులు ఆగాయి.

"నీ చేతి బువ్వ ముట్టనని బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పిన."

"తెలుసు అత్తమ్మా."

"అట్ట మీద చెయ్యి పెట్టిన నేను. లోపల ఏమున్నదో చదివినదానివి నువ్వు." డాక్టరు ఏడవద్దన్న మాట గుర్తొచ్చి పుష్పమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "వాడికి ఫోన్ చెయ్యి. పట్టీ ఇప్పినంక ఇద్దరు కలిసి ఇంటికి రాండ్రి, ఇద్దరికి పెడ్తనని చెప్పు. నీ ముఖం సూడాలె నేను. గా దినం సరిగ సూడనేలేదు."

ఇరమ్ డబ్బా మూత తీసిన చప్పుడైంది.

"అమ్మగారు కాదు, నువ్వే పెట్టు" అని పుష్పమ్మ నోరు తెరిచింది. జావలో ఉప్పు మరీ తక్కువైంది. ఆ మాట మాత్రం ఆమె అననేలేదు.