గంధం లేని గుండు

భార్గవ్ గుండుతో ఇల్లు చేరాడు. వాడి అవ్వ చూసి మురిసిపోయింది గానీ, తల్లి వసంతలక్ష్మి వాడి ఖాళీ చేతుల వంకే చూసింది.

"గుట్టకు పోయొచ్చిన అమ్మా. దేవునికి మొక్కుండె," అన్నాడు వాడు.

"నాకు తెల్వకుంట ఏం మొక్కురా?"

గుట్టకు పోయినవాడు పులిహోర పొట్లమన్నా లేకుండా వస్తాడా? తలనీలాలిచ్చిన నెత్తి మీద గంధం మరకైనా ఉండదా? పైగా చెవుల వెనక వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా మిగిలాయి. దేవుడి దగ్గర ఇంత దరిద్రంగా ఎవరు గొరుగుతారు?

కొడుకు నల్లగొండలో పాలిటెక్నిక్ రెండో ఏడు, హాస్టల్లో ఉంటాడు. పోయినేడు చేరిన కొత్తలో సీనియర్లు గోడకుర్చీ వేయించారని ఇంటికొచ్చి ఏడ్చాడు. చదువు పాడవుతుందని ఆమె అప్పుడు నోరు మూసుకుంది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే మంట.

"నిజం చెప్పు. సీనియర్లు గొరిగిన్రా?"

వాడు జర ఆగి తలూపాడు. ఆ ఆగడం ఆమెకు నచ్చలేదు. కానీ ముంచుకొచ్చిన కోపంలో దాన్ని పట్టించుకోలేదు.

"ర్యాగింగ్ చేస్తే జైలని చట్టమున్నది. నిన్ను చేర్పించిన్నాడే ప్రిన్సిపాల్ సారు చెప్పిండు. ఎవరో చెప్పు."

"ఇడిసిపెట్టమ్మా. నన్ను బతకనియ్యరు."

విడిచిపెట్టే రకమా ఆమె? మగ్గం మీద సగం చీర అట్లాగే వదిలేసి, తెల్లారి బస్సెక్కింది. వాడు బతిమాలుతూనే వెంట వచ్చాడు. దారి పొడుగునా ఆమె కాలేజీ పిల్లలందరినీ దొంగల్ని చూసినట్టు చూసింది.

ప్రిన్సిపాల్ గదిలో అప్పటికే ఇంకో తల్లి కూర్చుని ఉంది. పేరు నర్సింగమ్మ, దేవరకొండ వైపు వ్యవసాయం చేసుకునే మనిషి. పక్కన మొదటి ఏడు చదివే కొడుకు దివాకర్. వాడిదీ గుండే, దాని మీద గాటు ఇంకా పచ్చిగా ఉంది. వసంతలక్ష్మి ఆ గాటు చూసింది. వెళ్లి నర్సింగమ్మ చెయ్యి పట్టుకుంది.

"భయపడకు చెల్లే. నా కొడుకుకు గూడ గిట్లనే చేసిన్రు. ఇద్దరం కలిసి కేసు పెడ్దాం. చేసినోడు ఎవడైనా సరే, ఇడిసేది లేదు."

"మావోడు నోరిప్పుతలేడక్కా. నీ కొడుకునన్న చెప్పమను."

భార్గవ్ అప్పుడే గుమ్మంలోకి వచ్చాడు. వాణ్ని చూడగానే దివాకర్ రెండు చేతులూ నెత్తి మీద కప్పుకుని తల్లి వెనక్కి నక్కాడు. నర్సింగమ్మ అది గమనించలేదు. వసంతలక్ష్మి గమనించింది. భార్గవ్ కళ్లు ఆమెను బతిమాలుతున్నాయి.

నిన్నటి నుంచి ఊరంతా తిరిగిన అనుమానం ఇప్పుడు సొంతింటికే వచ్చి కూర్చుంది. దెబ్బతిన్న పిల్లల్లో కలిసిపోదామని వీడు తన నెత్తి తానే గొరుక్కున్నాడు. దేవుడి పేరు చెప్పి ఒకసారి, సీనియర్ల పేరు చెప్పి ఇంకోసారి కన్నతల్లిని నమ్మించాడు. ఆమెకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. దివాకర్ భయంతో ఎలాగూ చెప్పడు. తను ఇంకోసారి నోరు మూసుకుంటే చాలు, కొడుకు బయటపడతాడు.

"ఎవరమ్మా చేసింది?" అన్నాడు ప్రిన్సిపాల్.

"రాసుకోండి సారూ," అంది వసంతలక్ష్మి. "చిలువేరు భార్గవ్. రెండో ఏడు. నా కొడుకే."