ఎవరో తెలియని స్త్రీ గొంతు

ఆ శనివారం పొద్దున ఓజెల్లా టిబ్స్ వంటింట్లో నిలబడి మొగుడి తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరుకి గంజి ఎక్కువైతే మెడ ఒరుసుకుపోతోందంటాడు ఆయన. తక్కువైతే ప్రసంగం సగానికొచ్చేసరికి వాడిపోయిన తోటకూర కాడలా వేలాడుతోందంటాడు. నలభై ఎనిమిదేళ్లుగా ఆ ఎక్కువకీ తక్కువకీ మధ్య ఇస్త్రీపెట్టె నడుపుతూనే ఉంది ఆమె.

"అమ్మా, నాన్నకి షికాగో నుంచి ఏదో వచ్చింది!" అంటూ వాకిట్లోంచే కేకేసింది కూతురు వర్డెల్. దగ్గర్లోని గ్రీన్‌వుడ్ టౌన్లో బడిపంతులమ్మ. ప్రతి శనివారం అమ్మానాన్నల్ని చూసిపోవడానికి వస్తుంది. ఆమె చేతిలో పలచగా, చదరంగా ఉన్న అట్టపెట్టె.

వరండాలో బెండకాయలు తరుగుతానని కూర్చుని మూడంటే మూడు తరిగిన రెవరెండ్ హోషేయ టిబ్స్ కత్తి పక్కన పెట్టి పెట్టె విప్పాడు. లోపల పెద్ద రికార్డు. అట్ట మీద పత్తిచేను బొమ్మ.

"నా ఫొటో అడిగితే నేనే ఇద్దును కదా! ఈ పత్తిచేను దేనికి? నేను పత్తి తీసి ముప్పై ఏళ్లయింది," అన్నాడాయన, కోపం నటిస్తూ. అట్టని మాత్రం చొక్కా కొసతో తుడుస్తున్నాడు. ఎప్పుడో పందొమ్మిది వందల ముప్పైలో మెంఫిస్‌లో పాడిన పాట ఉంది అందులో. అప్పుడు అచ్చయిన పాత రికార్డులు ఓ అయిదారు వందలుంటాయేమో, అవీ పగిలిపోయాయి, పారేశారు, పిల్లలు విసిరి ఆడుకున్నారు. టిబ్స్‌ల ఇంట్లోనే ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడెవరో ఆష్‌బ్రూక్ అనే ఆయన ఊరూరా తిరిగి, జనాల అటకలూ పెట్టెలూ వెతికి, దొరికిన పద్నాలుగు పాటలు మళ్లీ కొత్తగా అచ్చు వేయించాడు. వాటిలో వీళ్లది ఆరోది.

వర్డెల్ ముందుగదిలో రికార్డు ప్లేయరు మీద పెట్టి సూది దించింది. వేడి పెనం మీద నీళ్లు చిలకరించినట్టు చిటపటలు. వాటి వెనకనుంచి గిటారు. ఆ తర్వాత పాతికేళ్ల హోషేయ గొంతు.

ఇస్త్రీపెట్టె పట్టుకునే గుమ్మందాకా వచ్చింది ఓజెల్లా.

*నీ వాకిట్లో నాకో పీట వేసి ఉంచు ప్రభువా,
తెల్లారిన కాడ్నించీ నిలబడే ఉన్నాను.*

రెండో చరణానికి ఆయన గొంతు ఆగిపోయింది. ఎక్కడో దూరంనుంచి, గోడ అవతలనుంచి వస్తున్నట్టు ఒక ఆడగొంతు అందుకుంది. సన్నగా మొదలై, ఇంటి దూలాలు అదిరేలా పైకి లేచింది. ఎవరీ పిల్ల అనుకుంది ఓజెల్లా. ఇంత ధైర్యమేమిటి దీనికి, ఎవర్ని అడిగి ఇంత గొంతెత్తుతోంది అనుకుంది. ఆ పిల్ల తనే అని తెలియక కాదు. తెలిసినా గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. పెళ్లికి ముందు తొడుక్కున్న గౌను ఎప్పుడో పెట్టె అడుగున దొరికితే ఇది నాకు పట్టేదా అని ఒంటికి ఆనించి చూసుకుంటాం, అలాంటి క్షణం. అప్పటికి పందొమ్మిదేళ్లు తనకి. కడుపులో వర్డెల్, ఏడో నెల.

"అంటే నేనూ పాడాన్నమాట ఈ రికార్డులో," అంది వర్డెల్ కళ్లు తుడుచుకుంటూ. అట్ట తిప్పి వెనకాల రాసింది పైకి చదివింది. "'రెవరెండ్ హోషేయ టిబ్స్, గిటారు, గాత్రం. ఎవరో తెలియని స్త్రీ, గాత్రం. ఈ రికార్డు మొత్తానికి తలమానికం ఈ అజ్ఞాత గాయని పాడిన రెండో చరణం. బహుశా సంఘంలో ఒక సోదరి అయి ఉండవచ్చు. తర్వాత ఆమె ఏమైందో తెలియదు.'"

హోషేయ పెద్దగా నవ్వేశాడు.

"ఏమైందో తెలియదట! పోనీలే ఓజీ, మనకి తెలుసుగా నువ్వేనని. మనకి తెలిస్తే చాలదూ?"

"చాల్లే," అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది. చొక్కా చేతి మీద ఇస్త్రీపెట్టె ఎక్కువసేపు ఆనించింది కాబోలు, కమురు వాసన వచ్చింది.

ఏమైందో తెలియదు. ఆ మాట వారమంతా ఆమెను వదల్లేదు. గిన్నెలు తోముతుంటే, కోళ్లకి గింజలు చల్లుతుంటే చెవిలో ఆ మాటే. ఏమైంది? అయిదుగురు పిల్లలకి తల్లయింది. చర్చివాళ్లలో ఎవరు పోయినా వాళ్లింటికి వెళ్లే మొదటి కోడికూర అయింది, ఎవరి పెళ్లయినా ఆఖరున కడిగే ఆఖరి గిన్నె అయింది. 'పాస్టరమ్మగారు' అయింది. మెంఫిస్ వెళ్లిన రోజు అత్తగారు గుమ్మంలో నిలబడి అన్నమాట ఇప్పటికీ నిన్ననే అన్నట్టుంటుంది. "నా కొడుకు పాడ్డానికి వెళ్తున్నాడు, నువ్వు తోడుకి వెళ్తున్నావు. ఆ తేడా గుర్తుంచుకో. ఎల్లుండి పొద్దుటికల్లా వచ్చెయ్యి, ఆవు నా చేతికి పాలివ్వదు." తిరిగొచ్చాక ఎలా పాడావని ఒక్కరూ అడగలేదు. ఆవు మాత్రం ఆమెను చూసి అరిచింది.

మెంఫిస్‌లో ఆ పాట రికార్డు చేసిన హోటల్లో, నల్లవాళ్లు కాబట్టి, వీళ్లని సామాన్ల లిఫ్టులో పైకి పంపారు. గదిలో కిటికీలన్నీ దుప్పట్లతో మూసి, మధ్యలో ఒక మైకు నిలబెట్టారు. హోషేయకి మైకు ముందు కుర్చీ వేశారు. ఆమె ఒక్క ముక్క పాడగానే మిషను దగ్గరున్నాయన చేతులూపాడు. "అమ్మాయిని వెనక్కి జరగమను, ఆ గొంతుకి పాట చెక్కే సూది ఎగురుతోంది." ఒకడుగు జరిగింది. చాల్లేదు. ఇంకో అడుగు. అలా జరుగుతూ జరుగుతూ తలుపుదాకా వెళ్లి, బీరువా పక్కన, పెద్ద పొట్టతో నిలబడి పాడింది. ఆ తర్వాత ఏం జరిగిందో హోషేయ ప్రతి ఏడూ చర్చి వార్షికోత్సవంలో చెబుతాడు. "రెండో చరణం దగ్గర పరిశుద్ధాత్మ నా నోరు మూసింది సోదరులారా!" జనం ఆమెన్ అంటారు. రెండో వరసలో కూర్చుని ఓజెల్లా కూడా ఆమెన్ అంటుంది. ఆ పాటని ఇప్పుడు అందరూ రెవరెండ్ గారి పాట అనే అంటారు. ఆయనే ఎత్తుకుంటాడు, చర్చి చర్చంతా ఆయన వెనక పాడుతుంది, ఆమె కూడా.

ఇదంతా చేసిన మనిషి చెడ్డవాడైతే ఎంత సులువుగా ఉండేది! హోషేయ ఏనాడూ చెయ్యెత్తలేదు. మూడో కాన్పులో వరద నీళ్లలో కంచరగాడిద మీద వెళ్లి డాక్టర్ని తెచ్చాడు. ఇప్పటికీ రాత్రి ఆమె కాళ్లు వాచాయంటే ఒళ్లో పెట్టుకుని నూనె రాస్తాడు. మంచివాడి మీద కోపం నిలబెట్టుకోవడం గుప్పిట్లో నీళ్లు పట్టుకోవడం లాంటిది. వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది, చెయ్యి మాత్రం తడిగానే ఉంటుంది. తనకి కోపం వచ్చిందని కూడా ఆమెకి ఇన్నేళ్లూ తెలియలేదు. అలసట అనుకుంది.

శుక్రవారం సాయంత్రం ఆమె మర్నాటికోసం కేకు పిండి కలుపుతుంటే హోషేయ వంటింట్లోకి వచ్చాడు. మర్నాడే ఆష్‌బ్రూక్ టేపు మిషను పట్టుకుని వస్తున్నాడు; చిరునామా ఈమధ్యే దొరికిందనీ, మాట్లాడ్డానికి వస్తాననీ రికార్డుతోపాటు ఉత్తరం పంపాడు. ఆయన గిన్నె అంచున అంటిన పిండి వేలితో తీసి నాకి, అక్కడే తచ్చాడాడు.

"ఏంటి?" అంది ఓజెల్లా. నలుగురిలో ఆయన 'రెవరెండ్ గారు', వంటింట్లో 'నువ్వు'.

"ఏం లేదు. రేపు ఆయన ఆ పాట సంగతి అడుగుతాడు కదా... నేను చెప్తాన్లే. నువ్వు కాఫీ సంగతి చూసుకో."

"ఏం చెప్తావు?"

"ఎప్పుడూ చెప్పేదే. ఓజీ, ఆ పాటతోనే కదా జనం నన్నెరుగుదురు. ఈ వయసులో నన్ను చిన్నబుచ్చవు కదా?"

డెబ్బై రెండేళ్ల మనిషి. కళ్లజోడు మీద పిండి మరక. ఆమె ఏప్రన్ అంచుతో ఆ మరక తుడిచింది. జవాబు మాత్రం చెప్పలేదు. ఆయనకి అది సరే అన్నట్టే వినిపించింది. ఆమె మౌనం ఆయనకి ఎప్పుడూ సరే అన్నట్టే వినిపిస్తుంది.

ఆష్‌బ్రూక్ ముప్పై అయిదేళ్ల తెల్లాయన. ఎండకి ముఖం టమాటా పండులా అయింది. వరండాలో రెండే కుర్చీలు. ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో హోషేయ. వర్డెల్ మెట్ల మీద కూర్చుంది. ఓజెల్లా వంటింటికీ వరండాకీ మధ్య కాఫీ, కేకు, చన్నీళ్లు, మళ్లీ కాఫీ అంటూ తిరుగుతోంది. గంటసేపు హోషేయ కథలు చెప్పాడు. అద్భుతంగా చెప్పాడు. వందసార్లు విన్న ఓజెల్లాకి కూడా నవ్వొచ్చింది.

"రెవరెండ్ గారూ," అన్నాడు ఆష్‌బ్రూక్ చివరికి, ముందుకి వంగి. "నేను ముఖ్యంగా అడగాలని వచ్చింది ఒకటుంది. ఆ రెండో చరణం పాడినావిడ ఎవరు? బతికే ఉన్నారా?"

హోషేయ ఒక్క క్షణం పెళ్లాం వైపు చూశాడు. అబద్ధమాడే మనిషి కాదు. "లక్షణంగా ఉంది. మీకు కేకు కోసి పెట్టింది ఆవిడే," అన్నాడు నవ్వుతూ.

ఆష్‌బ్రూక్ గబుక్కున లేచాడు. కప్పు ఒలికి పంట్లాం తడిసింది. పట్టించుకోలేదు. "అమ్మా! పదకొండేళ్ల నుంచి వెతుకుతున్నానమ్మా మీకోసం!"

ఓజెల్లాకి కాఫీ కూజా బరువుగా అనిపించింది. ముక్కూ మొహం తెలియని మనిషి పదకొండేళ్లు వెతికాడట. ఈ ఇంట్లో నేను తప్పిపోయానని ఎవరికీ అనిపించనైనా లేదు. నాకు కూడా.

"మీ పేరు చెప్పండమ్మా, సరిగ్గా రాసుకుంటాను."

"మిసెస్ హోషేయ టిబ్స్ అని రాసుకోండి, సరిపోతుంది," అన్నాడు హోషేయ.

ఓజెల్లా కూజా వరండా పిట్టగోడ మీద పెట్టింది. లోపలికి వెళ్లి వంటింటి కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చి ఆ మిషనుకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

"ఓజెల్లా క్రెన్షా," అంది. "అది మా అమ్మా నాన్నా పెట్టిన పేరు. టిబ్స్ కూడా రాయండి, కాని దాని తర్వాత."

"ఆ పాట ఎవరు కట్టారమ్మా?"

"దేవుడిచ్చాడు," అన్నాడు హోషేయ గబగబా.

"దేవుడే ఇచ్చాడు," అంది ఓజెల్లా. "రెవరెండ్ గారికి కాదు. మా అమ్మకి. ఆవిడ ఊళ్లో తెల్లవాళ్లందరి బట్టలూ ఉతికేది. కాగుల దగ్గర పొద్దుణ్ణించి దీపాలవేళ దాకా నిలబడే ఉండేది. ఆ నిలబడ్డ కాళ్లే కట్టాయి ఆ పాటని. నేను విని నేర్చుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఈయనకి నేర్పాను. రెండో చరణం ఈయనకి ఎప్పుడూ సరిగా వచ్చేది కాదు. ఆ రోజు రికార్డు అవుతోందని చెప్పే ఎర్రదీపం వెలుగుతుండగా మాట మర్చిపోయారు. ఆపితే పాట చెక్కే మైనం పలక పాడైపోతుంది. అందుకని తలుపు దగ్గర్నుంచి నేనందుకున్నాను."

"ఓజీ!" అన్నాడు హోషేయ. గొంతులో కోపం కంటే భయమే ఎక్కువుంది.

ఆమె ఆయన వైపు తిరిగింది. "నిన్ను తక్కువ చేయడానికి చెప్పట్లేదు. ఇలా జరిగింది కాబట్టి చెప్తున్నాను. నీ గిటారు లేకపోతే ఆ పాట మా అమ్మ పెరట్లోనే ఉండిపోయేది. అదీ రాసుకోండి బాబూ."

మెట్ల మీద వర్డెల్ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. టేపు చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి. ఈ రికార్డు మళ్లీ అచ్చు వేసేటప్పుడు అట్ట మీద పేరు వేయిస్తానన్నాడు ఆష్‌బ్రూక్. స్పెల్లింగ్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఆమె అక్షరం అక్షరం చెప్పింది.

వాళ్లు వెళ్లాక హోషేయ కత్తి తీసుకుని వరండాలో కూర్చున్నాడు. ఈసారి బుట్టలో బెండకాయలన్నీ తనే తరిగాడు, లావూ సన్నం లేకుండా. ఓజెల్లా కలిగించుకోలేదు. పొద్దు వాలుతుండగా ముందుగదిలోంచి చిటపటలు వినిపించాయి. ఆయన రికార్డు పెట్టాడు. రెండో చరణం రాగానే సూది ఎత్తి మళ్లీ వెనక్కి పెట్టాడు. అలా నాలుగుసార్లు. ఆమె వెళ్లి పక్కన కూర్చుంది.

"మర్చిపోయానని నాకు తెలుసు," అన్నాడు సూది ఎత్తి పక్కన పెట్టి. "మొదట్లో తెలుసు. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ నేను మరీ గట్టిగా పాడేశానా ఓజీ?"

"అవును," అంది ఓజెల్లా.

ఆ తర్వాత రావలసిన 'పోనీలే' కోసం ఆయన ఎదురుచూశాడు. అది రాలేదు. ఆమె ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"రేపు చర్చిలో ఆ పాట నేనెత్తుకుంటాను. ముందుకొచ్చి నిలబడి పాడతాను. నువ్వు గిటారు పట్టుకో, కింది గొంతు పాడు."

హోషేయ లేచి, మూల ఆనించిన గిటారు తెచ్చుకుని, తీగ ఒకటి బిగించి, మీటి చూశాడు.

"ఏ శ్రుతిలో?" అన్నాడు.

"నా శ్రుతిలో," అంది.