ముప్పై ఎనిమిదో కవరు

టపా సంచులను తోపుడుబండి మీదికెత్తి, రేవు నుంచి పోస్టాఫీసు దాకా ఎదురుగాలిలో నెట్టుకొచ్చేసరికి వెర్నా భుజాలు కీళ్ళ దగ్గర ఊడొచ్చేలా ఉన్నాయి. ఫెర్రీ ఇవాళ రెండు గంటలు ఆలస్యం. వారానికి ఆరుసార్లు తిరిగేదాన్ని పోయినేడు మూడుసార్లకు కుదించారు. ఖర్చు తగ్గిందన్నారు రాజధానిలో. తగ్గిన ఖర్చు వచ్చి వెర్నా నడుం మీద పడింది. రెండు రోజుల టపా ఒక్కరోజే వస్తోంది. జీతం మాత్రం ఎప్పట్లాగే రోజుకు నాలుగు గంటలకు, గంటకు ఇరవై రెండు డాలర్లు.

సంచి మూతి విప్పుతుండగా తలుపు తోసుకుని తమ్ముడు లోర్న్ వచ్చాడు. పరిగెత్తుకొచ్చాడేమో, రొప్పుతున్నాడు.

"అప్పా, అయిపోనాది! లెక్కెట్టీసినారు."

"ఎంత?"

"ఎల్లిపోదామన్నోళ్ళు ముప్పైనాలుగు. ఒద్దన్నోళ్ళు ముగ్గురు."

వెర్నా చేతిలోని ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టింది. పిల్లలు లేక నాలుగేళ్ళ కిందట మూసేసిన బడి గదిలో, ఇవాళ్టి ఫెర్రీలో దిగిన ప్రభుత్వ ఆఫీసరు చేస్తున్న లెక్క అది. నూటికి తొంభై మంది ఊరొదిలిపోతామని ఓటేస్తే ఇంటికి రెండున్నర లక్షల డాలర్లు ఇచ్చి ప్రభుత్వం ఈ దీవితో తన పని ముగించుకుంటుంది. ఆ తరవాత ఇక్కడ కరెంటు ఉండదు, ఫెర్రీ రాదు, టపా రాదు. తొంభైకి ఒక్క వెంట్రుకవాసి తగ్గినా ఎవరికీ దమ్మిడీ రాదు. మళ్ళీ ఓటు అడగాలంటే ఐదేళ్ళు ఆగాలి.

"ముప్పైఎనిమిది కవర్లు కదరా ఇచ్చినాము?"

"ఆ ఒక్కటీ మెలీటా పిన్నిది. తెరవకండా పక్కనెట్టినాడు ఆఫీసరు." లోర్న్ ముఖంలో నవ్వు ఆగడం లేదు. "తెరవకపోతే ముప్పైఏడులో ముప్పైనాలుగు, మనం నెగ్గినట్టే. తెరిస్తే ముప్పైఎనిమిదిలో ముప్పైనాలుగు, అంతా నీళ్ళపాలు. అందులో ఏటుందో ఊళ్ళో కుక్కనడిగినా సెప్తాది."

"పక్కనెందుకెట్టినాడు?"

లోర్న్ తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఓటుండాలంటే ఏడాదిలో సగం రోజులైనా ఊళ్ళో ఉండాల కదా. ఆవిడ ఏడు నెల్లు పట్నంలో ఉన్నాది. నానే అర్జీ ఎట్టినాను."

"రొమ్ములో కేన్సరుకి కరెంటు పెట్టించుకోడానికి ఎల్లిందిరా పిన్ని!"

"ఆసుపత్రోళ్ళ కాయితం ఉన్న రోజులు ఊళ్ళో ఉన్నట్టే లెక్క, కానీ అది మూడు వారాలకే ఉన్నాదట. మిగతా ఆరు నెల్లకీ నేదు. ఆవిడ ఉత్తరాలు పట్నానికి మళ్ళించింది నువ్వే. ఆ ఓటు కొట్టీడానికి పోస్టాఫీసు సాక్షి కావాలట, ఇల్లు మార్చీసిందని నువ్వొక్క సంతకం పెడితే సాలు. ఆఫీసరు కాయితం పట్టుకొస్తాడు." తలుపు దగ్గరికి వెళ్ళి ఆగాడు. "నా సంగతొదిలీ. పద్నాలుగు వారాలు పీతలు పడతాను, మిగతా ఏడాదంతా ప్రభుత్వం ఇచ్చిన భృతి తింటాను. నాకలవాటే. బావ గుండె సంగతి గుర్తెట్టుకో."

గుర్తు చేయనక్కర్లేదు. ఫిబ్రవరిలో మొగుడు గార్లండ్ ఛాతీ పట్టుకుని వంటగదిలో కూలబడ్డప్పుడు దీవినంతా పొగమంచు కప్పేసింది. హెలికాప్టరు రెండుసార్లు నెత్తిమీద తిరిగి, దిగే చోటు కనపడక వెనక్కి పోయింది. నెలకోసారి వచ్చిపోయే నర్సు ముప్పైఒక్క గంటల పాటు ఫోనులోనే ధైర్యం చెప్పింది. ఆ ముప్పైఒక్క గంటలూ వెర్నా మొగుడి పక్కన నేల మీదే కూర్చుంది. అందుకే ఓటు కాగితం చేతికి రాగానే రెండో ఆలోచన లేకుండా "వెళ్ళిపోతాం" అన్న గడిలో గీత పెట్టింది.

ఉత్తరాలు వేరుచేస్తోంది కానీ పేర్లు కంటికి ఆనడం లేదు. ఒకరి పింఛను కాగితం ఇంకొకరి గూట్లో పెట్టి, మళ్ళీ తీసింది.

అంతలో మెలీటాయే వచ్చింది. అరవై ఆరేళ్ళ మనిషి. చేపల ఫ్యాక్టరీ మూతపడేదాకా ముప్పైఒక్క ఏళ్ళు అందులో చేపలు కోసింది. కత్తి పట్టిన వేళ్ళు ఆ వంపులోనే ఉండిపోయాయి. మందులకి ఊడిపోయిన జుట్టు ఇప్పుడిప్పుడే కోడిపిల్ల నూగులా మొలుస్తోంది.

"ఏమే వెర్నా, నా మందుల పొట్లాం వొచ్చిందేటి?"

"వొచ్చింది పిన్నీ."

"నా కవరు తెరవనేదట కదే. తెరవకండానే అందరికీ తెలిసిపోతంటే ఇంక తెరవడం దండగే." పొట్లాం అందుకుని బల్లకి ఆనుకుని నిలబడింది. కదిలే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

వెర్నా ఉండబట్టలేక అడిగేసింది. "నువ్వెందుకొద్దంటున్నావు పిన్నీ? అందరికన్నా నీకే కదా ఆసుపత్రి దగ్గర్లో ఉండాల?"

"ఏడు నెల్లు సూసొచ్చినాను కదే ఆ పట్నం. కిటికీ నేని గదికి నెలకి తొమ్మిదొందలు. పదిహేను రోజులకోసారి డాక్టరు పిలుస్తాడు. ఈ ఫెర్రీలెక్కి వొచ్చి ఎల్లేసరికి మళ్ళీ పిలుపొస్తాది. అందుకని అక్కడే పడున్నాను. పక్క గదిలోవోడి పేరు ఆడు సచ్చిపోయినాక తెలిసింది నాకు." పొట్లాం మీది దారాన్ని గోటితో గీకింది. "అక్కడ సిన్న ఇల్లే మూడున్నర లక్షలు. ఈళ్ళిచ్చే రెండున్నరకి మూడు గోడలొస్తాయి. నాలుగో గోడ బదులు నన్ను నిలబడమంటావేటి?"

వెర్నాకి నవ్వొచ్చింది. నవ్వాక సిగ్గేసింది.

"పెట్టాలనుంటే పెట్టీయే సంతకం," అంది మెలీటా. "గార్లండ్ దగ్గు మా ఇంటిదాకా ఇనిపిస్తాది. నానేటీ అనను."

"అనుకోవా?"

"అనుకుంటాను. నీతో మట్టుకు అనను."

ఆమె వెళ్ళిన పావుగంటకు ఆఫీసరు ట్రెవర్ పెన్నీ వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఫెర్రీలో కడుపు తిప్పిందని ముఖమే చెబుతోంది. పట్నం బూట్లు తడిసి ముద్దయ్యాయి. వెర్నా కుర్చీ చూపించి టీ పోసిచ్చింది. అతను రెండు చేతులతో కప్పు పట్టుకుని వెచ్చబడ్డాడు.

"ఎక్కువ సేపు పట్టదండీ. ఇక్కడొక్క సంతకం."

వెర్నా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. పై వ్యక్తి తన శాశ్వత నివాసాన్ని మార్చుకున్నట్లు నాకు స్వయంగా తెలుసు, అని ఉంది. 'స్వయంగా' దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

ఆమెకు స్వయంగా తెలిసింది వేరు. ఆ ఏడు నెలలూ మెలీటా ఇంట్లో కుళాయి గొట్టాలు గడ్డకట్టి పగలకుండా రోజు విడిచి రోజు పొయ్యి వెలిగించింది తానే. ప్రతి ఆదివారం మెలీటా పట్నం నుంచి ఫోను చేసేది. తన జబ్బు గురించి రెండు మాటలు, ఇంటి గురించి ఇరవై మాటలు. వసారా చూరు కారుతోందా, నేలమాళిగలో బంగాళాదుంపలు మొలకెత్తాయా అని.

"ఆవిడ ఇల్లు మార్చనేదు బాబూ," అంది వెర్నా.

"టపా మళ్ళించారు కదండీ. మీ రికార్డులోనే ఉంది."

"ఉత్తరాలెల్లినాయి. ఇల్లెల్లనేదు."

ట్రెవర్ కప్పు కింద పెట్టాడు. విసుక్కోలేదు. నిజంగానే నచ్చజెప్పాలని చూశాడు. "చూడండి, ఈ దీవికి కరెంటు ఇవ్వడానికే ఏడాదికి ఎనిమిది లక్షలు అవుతోంది. ఉన్నది ఇరవై మూడు ఇళ్ళు. అదే డబ్బుతో ఎనిమిది మంది నర్సులను పెట్టొచ్చు. ప్రభుత్వం దగ్గర అక్షయపాత్రేం లేదండీ."

"ఆ ఎనిమిది మందినీ ఎక్కడెడతారు?"

"పట్నంలో."

"మరదే." వెర్నా కళ్ళద్దాలు తీసింది. "ఇక్కడ ఆసుపత్రి ఎత్తీసినోళ్ళెవరు? ఎత్తీసినాక ఆవిడ పట్నంలో పడుంటే, ఊళ్ళో నేవు కాబట్టి నీకు ఓటు నేదనేదెవరు?"

"నియమాలు నేను రాయలేదండీ."

"నానూ రాయనేదు. నన్నిది రాయమంటున్నావు కదా."

అతను కాగితాన్ని ఆమె దగ్గరికి జరిపాడు. "మీరు పెట్టకపోతే నేను ఆ కవరు తెరవక తప్పదు. ఊరంతా నష్టపోతుంది. మీ ఓటు ఏమిటో నేనడగకూడదు కానీ..."

"అడుగు. ఎల్లిపోతామనే ఏసినాను. రేపెట్టినా అదే ఏస్తాను. ఎల్లిపోవాలనున్నది నాకు. అందుకని ఆవిడ ఇక్కడ నేదని నానెందుకు సెప్పాల?"

కాగితం అతని వైపు జరిపింది. కలం దాని మీద పెట్టింది. మూత తియ్యలేదు.

తలుపు ఇందాకే తెరుచుకుంది కాబోలు, గడపలో లోర్న్ నిలబడి ఉన్నాడు. అతని వెనక ఇంకో నలుగురు. "అప్పా, నీకు మొగుడు కావాలో మెలీటా కావాలో తేల్చుకో!" అని అరిచాడు.

వెర్నా బల్ల అంచు పట్టుకుంది. "ఇద్దర్నీ నన్నెందుకు తూకం ఎయ్యమంటున్నావురా? మనం అడిగినామేటి ఈ తక్కెడ? ఎవుడెట్టినాడు మన మధ్యన?"

లోర్న్ వెనకున్న నలుగురినీ తోసుకుని తిరిగి వెళ్ళిపోయాడు.

మూడు గంటలకు బడి గదిలో, అందరూ చూస్తుండగా, ట్రెవర్ పెన్నీ ముప్పై ఎనిమిదో కవరు చింపాడు. "వద్దు" అని చదివాడు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వచ్చింది. వెర్నా పక్కన కూర్చున్నావిడ, ఇరవయ్యేళ్ళుగా రొట్టె పిండి బదులిచ్చి పుచ్చుకున్నావిడ, లేచి అవతలి తలుపు నుంచి బయటికి పోయింది. మెలీటా గోడ దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. వెర్నా ఆమె వైపు కూడా వెళ్ళలేదు. ఏం చెప్పాలో తోచక కాదు. అప్పటికి ఎవరి ముఖమూ చూడాలనిపించలేదు.

ఇంటికి వచ్చేసరికి గార్లండ్ వసారా మెట్ల మీద ఉన్నాడు. చేతుల నిండా పొయ్యి కట్టెలు. మూడో మెట్టు దాకా ఎక్కి అక్కడే ఆగిపోయాడు. ముఖం బూడిద రంగుకు తిరిగింది.

"కట్టెలు ముట్టుకోవొద్దని సెప్పినాను కదా."

"లోర్న్ ఫోను సేసినాడు," అన్నాడతను.

కింద రేవులో ఫెర్రీ కూత వేసింది. ఊళ్ళోవాళ్ళెవరూ ఎక్కలేదు, తడిసిన బూట్లతో ట్రెవర్ ఒక్కడే వెళ్ళిపోతున్నాడు. అవతల సముద్రం మీద పొగమంచు గోడలా లేస్తోంది.

వెర్నా మూడు మెట్లూ ఎక్కి మొగుడి పక్కకి వచ్చింది. "కోపమొచ్చిందా?"

గార్లండ్ ఒక ఊపిరి తీశాడు. సగంలో ఆగింది. ఇంకోటి తీశాడు.

"ఇంకా రానేదు," అన్నాడు. "ఊపిరి అందనీ, సూద్దాం."

ఆమె కట్టెల కింద చేతులు పెట్టి లాగబోయింది. అతను వదల్లేదు. ఆమె కూడా వదల్లేదు. ఇద్దరూ ఆ మెట్టు మీదే నిలబడి, తరవాతి ఊపిరి కోసం ఎదురుచూశారు.