బియ్యం డ్రమ్ములో వావిలాకు

అరుణమ్మకు వావిలాకు మీద ఉన్నంత నమ్మకం ఇంట్లో మనుషుల మీద కూడా లేదు. పురుగు పట్టకుండా బియ్యం డ్రమ్ములో నాలుగు రెబ్బలు, పెసళ్ల మూటలో రెండు, సాయంత్రం దోమలకు పచ్చాకు పొగ, మోకాళ్లు పట్టేస్తే కాపడం, తలనొప్పికి దిండు కింద గుప్పెడు. బాన్సువాడలో ఇన్ని మందుల దుకాణాలు ఎందుకున్నాయో ఆమెకు అర్థం కాదు.

అలాంటి మనిషికి, కోడలు సింధుజ ఆ ఆకే వద్దనేసరికి తల తిరిగిపోయింది. సింధుజ తల్లి లేని పిల్ల, అందుకే పురుడు అత్తగారింట్లోనే జరుగుతోంది. ఆడపిల్ల పుట్టింది, ముద్దుగా ఉంది. వావిలాకు వేసి మరిగించిన నీళ్లు పోస్తే బాలింత నడుము గట్టిపడుతుందని అరుణమ్మ లెక్క. పొలం పనికి వచ్చే చాంద్రి, తండా నుంచి వస్తూ వాగు ఒడ్డున ఓ మోపెడు ఆకు కోసుకొచ్చింది. నీళ్లు కాగి, ఆ ఘాటు ఇల్లంతా కమ్ముకోగానే సింధుజ గది తలుపు వేసేసుకుంది.

"గా నీళ్లు వద్దత్తమ్మా. ఉత్త నీళ్లతోని చేస్త" అంది లోపలి నుంచి. అంతకుమించి ఒక్క మాట లేదు.

చదువుకున్న పిల్ల కదా, దవాఖానలో నర్సు ఏమైనా చెప్పిందేమో అనుకుంది అరుణమ్మ. కొడుకు అఖిలేశ్‌ను అడిగితే ఫోన్లోంచి తల ఎత్తకుండా తనకేం తెలియదన్నాడు. వాడికి తెలిసిందెప్పుడు గనక! పోనీ వాసన పడదా అంటే, పెళ్లయిన కొత్తలో ఇదే పిల్ల ఆకు నలిపి చూసి, బాగుందని ఓ రెబ్బ జడలో కూడా పెట్టుకుంది. మరి తన మీద కోపమా? తానేమన్నదని? ఎటు తిప్పి ఆలోచించినా కొస దొరకలేదు. కాస్త ఏడుపూ వచ్చింది.

పెరట్లో కాగు దించుతున్న చాంద్రికీ ఏమీ పాలుపోలేదు. "పోయినసారి గీ ఆకుతోనే పోస్తిమి గదక్కా. అప్పుడు కుయ్ కయ్ అనలే. కండ్లు మూసుకొని కూసుంది" అంది.

పోయినసారి. అరుణమ్మ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. పోయిన పురుట్లో బిడ్డ దక్కలేదు. ఖాళీ చేతులతో దవాఖాన నుంచి వచ్చిన పిల్లను, ఒంటి నొప్పులైనా తగ్గుతాయని, ఇదే పెరట్లో కూర్చోబెట్టి తన చేతులతోనే ఈ నీళ్లు పోసింది. ఆ తర్వాత ఆ బిడ్డ మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే మరిచిపోతుందనుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది బియ్యం డ్రమ్ము. ఆనాటి నుంచి సింధుజ దాని మూత తీసిందే లేదు. బియ్యం కావాలంటే అఖిలేశ్‌ను పంపేది, వాడు లేకపోతే ఉప్మాతో సరిపెట్టేది. ఒళ్లు వంగని కోడలని తాను చాంద్రి దగ్గర ఎన్నిసార్లు సణగలేదు! అరుణమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కాగులో నీళ్లు పారబోసి, ఉత్త నీళ్లు పొయ్యి మీద పెట్టింది. డ్రమ్ములోని ఎండు రెబ్బలన్నీ ఏరి బయట పడేసింది. చింతపండుతో ఒకసారి, సబ్బుతో ఒకసారి చేతులు తోముకుని వాసన చూసుకుంది. పోలేదు. ఇన్నేళ్లుగా పట్టిన వాసన ఒక్కపూటలో ఎక్కడికి పోతుంది?

లోపల పాప ఏడుపు అందుకుంది. సింధుజ తలుపు తీసింది. అరుణమ్మ గడప ఇవతలే నిలబడి చేతులు కొంగులో దాచుకుంది.

"నా చేతులు గదే వాసన వస్తున్నయి బిడ్డా. కడిగినా పోతలేదు" అంది.

సింధుజ ఆమె వంక చూసింది. కళ్లు నిండాయి. ఏడుస్తున్న పాపను తెచ్చి అత్త చేతుల్లో పెట్టింది.

"దీనికి గది నానమ్మ వాసనత్తమ్మా. నాకే జర టైం పడ్తది."