తుప్పు పట్టని చోటు

నేను ఒక రేకుపెట్టెను. అద్దాల తలుపులున్న గదిలో, బల్ల మీద, మూత తెరిచి పెట్టిన పెట్టెను. చూడవచ్చినవాళ్ళు వంగి నా లోపలికి తొంగిచూస్తారు. లోపల ఒక పుస్తకం ఉంది, అంతే. నా ముందున్న అట్టముక్క మీద గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది: "మన క్యాంపుకు వచ్చిన మొట్టమొదటి పెట్టె, 1953." నిజానికి ఆ రోజు బండిలోంచి మొదట దిగింది పాలేరు ఏసోబు గుడ్డసంచి. ఆ సంచిని ఎవరూ దాచలేదు. అందుకని మొదటి స్థానం నాకు దక్కింది.

బెజవాడలో ఒక ఇరుకు సందులో సుత్తిదెబ్బలు తిని నేను పెట్టెనయ్యాను. లోపలా బయటా ఆకుపచ్చ రంగు వేశారు. మూత మీద రెండు గులాబీలు వేసి, వాటి మధ్య తెల్లరంగుతో 'మహాలక్ష్మమ్మ' అని రాశారు. నాకు కళ్ళు లేవు, చెప్పేవన్నీ నేను విన్నవీ తాకినవీ. మనుషుల్ని చేతుల్ని బట్టి పోల్చుకుంటాను. మహాలక్ష్మమ్మ చేతులు చీరల మడతలు సరిచేస్తూ నా అంచుల దగ్గర ఆగిపోయేవి. ఆమె భర్త భూషయ్య చేతులు మూత వేసేటప్పుడు కాస్త గట్టిగా నొక్కేవి.

కృష్ణాజిల్లాలో ఉన్న కొద్ది పొలం అమ్ముకుని, తుంగభద్ర కాలువ వస్తుందని విని, పదకొండు కుటుంబాలు కన్నడసీమలోని ఈ నల్లరేగడి మైదానానికి బయలుదేరాయి. అక్కడ ఎకరం అమ్మితే ఇక్కడ పది ఎకరాలు వచ్చేవి. రైలు దిగి రెండు రోజులు బండ్ల మీద వచ్చారు. ఎటు చూసినా గడ్డి. మోకాలెత్తు ఎండుగడ్డి, ఒక్క చెట్టు లేదు. బండి ఆగాక మహాలక్ష్మమ్మ దిగనంది. నా మీద కూర్చుని గడ్డివైపే చూస్తూ ఉండిపోయింది. భూషయ్య పాలేరు ఏసోబు వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మన ఊరి గేదెలు ఇది చూస్తే ఏడుస్తాయండి అమ్మగారూ," అన్నాడు.

ఆమె నవ్వింది. దిగింది. ఏసోబు నన్ను తలమీదికెత్తుకున్నాడు. చుట్టకుదురు లేదు. నా అడుగు అతని నడినెత్తికి తగిలింది. చెమటతో తడిసిన జుట్టు, దాని కింద గట్టి ఎముక. మరే మనిషితోనూ నేను అంత దగ్గరగా మోయించుకోలేదు.

వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊరిని ఇక్కడ క్యాంపు అంటారు, దీనికి భూషయ్య క్యాంపు అని పేరు పెట్టుకున్నారు. గుడిసెలు వేశారు. మంచినీళ్ళకు బావి తవ్వడం మొదలుపెట్టారు. నల్లరేగడి ఎండలో రాయిలా ఉంటుంది, తడి తగిలితే పిండిలా జారిపోతుంది. కృష్ణ ఒడ్డున ఒండ్రుమట్టిలో పెరిగినవాళ్ళకి ఆ సంగతి తెలియదు. పక్క ఊరి కన్నడ ముసలాయన వచ్చి చేతులూపుతూ ఏదో చెప్పాడట. ఆయన మాట ఎవరికీ అర్థం కాలేదు, అర్థం చేసుకోవడానికి ఎవరూ ఆగలేదు. అయిదో రోజు గోడ కూలింది. అడుగున ఏసోబు ఉన్నాడు.

మిగతా కూలీలు అన్నానికి వెళ్ళిన వేళ. చూసినవాడు భూషయ్య ఒక్కడే. తియ్యాలంటే పదిమందిని పిలవాలి, పిలిస్తే కూలీలు మర్నాటికి ఉండరు. ఏసోబు ఏడని అడిగినవాళ్ళకి కనబడలేదని చెప్పి, కూలిన గొయ్యి దగ్గరికి ఎవర్నీ పోనివ్వలేదు. అన్నగారికి ఉత్తరం రాసి సలహా అడిగాడు. జవాబు పది రోజులకు వచ్చింది. ఆ మధ్యాహ్నం అతని చేతులు నాలోని చీరలన్నీ పైకెత్తి, అడుగున పరిచిన పేపరు ఒక మూల లేపి, కింద ఆ ఉత్తరం పెట్టాయి. రాత నా వైపే తిరిగి ఉంది. అరవై ఏళ్ళు ఆ అక్షరాలు నా ఒంటికి ఆనుకునే ఉన్నాయి, అందుకే ఈరోజుకీ తప్పు లేకుండా చెప్పగలను:

"నీ ఉత్తరం చదివి చింపేశాను. ఏసోబు మీద మట్టి కూలిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. తీయడం కుదరకపోతే ఆ గొయ్యి పూడ్చి పక్కనే ఇంకొకటి తవ్వించు. వాడి పెళ్ళాం వచ్చి అడుగుతోంది. పని మానేసి ఎటో పారిపోయాడని చెప్పాను. నువ్వూ అదే చెప్పు. ఇది కూడా చింపెయ్."

పైన శ్రీ లేదు. చావు కబురున్న ఉత్తరానికి మా వాళ్ళు శ్రీ పెట్టరు. అలాంటి ఉత్తరం వస్తే గుమ్మం బయటే చదివి, అక్కడే చింపి, కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తారు. ఇంట్లో ఉంచరు. భూషయ్య ఎందుకు ఉంచాడో నాకు తెలియదు. చింపితే తనూ అన్నగారితో సమానమవుతానని అనుకున్నాడో, ఉంచితే ఎప్పటికైనా చెప్పినట్టే అవుతుందనుకున్నాడో. ఏడాదికోసారి చీరల కింద చెయ్యి దూర్చి, పేపరు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉండేవాడు. తర్వాత మూత గట్టిగా నొక్కి వెళ్ళిపోయేవాడు. అది పశ్చాత్తాపమేమో. కానీ దానితో అతని బతుకులో ఏ పనీ ఆగలేదు. బావి రెండోసారి బాగా పడింది. నీళ్ళు తియ్యన.

ఏసోబు భార్య దీనమ్మ రెండేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వెతుక్కుంటూ వచ్చింది. పారిపోయాడని చెప్పారు. ఎప్పటికైనా ఇక్కడికే వస్తాడని ఆమె క్యాంపులోనే ఉండిపోయింది, భూషయ్య ఇంట్లోనే పనికి కుదిరింది. మంచినీళ్ళు ఆ బావి నుంచే మోసింది. మహాలక్ష్మమ్మకి పాత చీరలు ఇచ్చే అలవాటుంది. నాలోంచి తీసిన రెండు చీరలు దీనమ్మ కట్టుకుంది. చనిపోయే ముందు ఏడాది కూడా సాయంత్రం బస్సు వచ్చే వేళకి రోడ్డు మీదికి వెళ్ళి నిలబడేదట.

కూతురి పేరు సువార్తమ్మ. తల్లి తర్వాత ఆ ఇంట్లో ఆమే ఊడ్చింది. వీధిలో ఎవరితో మాటామాటా వచ్చినా చివరికి 'పారిపోయినోడి కూతురు' అనే దగ్గరికే వచ్చి ఆగేది. అలా అన్నప్పుడల్లా ఆమె ఒకటే మాట అనేది, "మా నాన్న పారిపోలేదు." ఋజువేమిటని అడిగితే ఏమీ లేదు. అలా అనడం ఒక్కటే ఆమె దగ్గర ఉన్నది.

ఇంటికి బీరువా వచ్చాక చీరలు అందులోకి వెళ్ళాయి, కాగితాలు నాలోకి వచ్చాయి. రిజిస్ట్రేషను పత్రాలు, కాలువ నీటి రసీదులు, కృష్ణాజిల్లా నుంచి వచ్చిన ఉత్తరాలు, నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖలు. భూషయ్య, మహాలక్ష్మమ్మ ఒకరి తర్వాత ఒకరు పోయారు. కొడుకు గోవర్ధనరావు హైస్కూల్లో తెలుగు మాస్టారుగా రిటైరై వచ్చాడు.

గోవర్ధనరావు చేతులంటే నాకు ఇష్టం. ఆ మాట చెప్పకపోతే నేనూ అబద్ధం చెప్పినట్టే. కాగితాన్ని ముట్టుకునే ముందు తెల్ల నూలు తొడుగులు వేసుకునేవాడు. చిరిగినచోట పల్చటి కాగితం అతికేవాడు. వేపాకు, నాఫ్తలీన్ ఉండలు వేసేవాడు. క్యాంపుకి అరవై ఏళ్ళు నిండుతున్నాయని కమిటీ వేసి, చరిత్ర రాసే పని, మొదట వచ్చినవాళ్ళ పేర్లు రాతి మీద చెక్కించే పని అతనికి అప్పగించారు. మా తాత ముందు వచ్చాడంటే మా తాత ముందని తగువులు మొదలయ్యాయి. అప్పుడు అతనొక నియమం పెట్టాడు. కాగితం చూపించిన పేరే రాతి మీదికి ఎక్కుతుంది. కాగితం అబద్ధం చెప్పదని అతని నమ్మకం.

ముందుమాటలో ఒక పేజీ అంతా మా వాళ్ళ అలవాటును తిట్టాడు. చావు ఉత్తరాలు చింపేసే ఆచారం మన చరిత్రలో సగం తినేసింది అని రాశాడు. రాసింది పైకి చదువుకుంటూ ఉంటే ఊడుస్తున్న సువార్తమ్మ ఆగి వింది.

మర్నాడు కమిటీ వాళ్ళు వసారాలో కూర్చుని ఉండగా ఆమె చీపురు పక్కన పెట్టి, మా నాన్న పేరు కూడా రాయించండి అని అడిగింది. మొదటి బండిలో వచ్చాడు, బావి తవ్వాడు, ఇవి అందరికీ తెలిసినవే అంది. కమిటీలో పెద్దవాడు నాంచారయ్య చుట్ట తీసి, "పారిపోయినవాళ్ళ పేర్లు కూడా చెక్కాలంటే రాయి చాలదు సువార్తా, కొండ తేవాలి," అన్నాడు. అందరూ నవ్వారు. గోవర్ధనరావు నవ్వలేదు.

"ఒక్క కాగితం చూపించు. చెక్కించే పూచీ నాది," అన్నాడు.

ఆమె దగ్గర కాగితాలెక్కడివి? అతనే దారి చెప్పాడు. పెట్టెలో వెతుకుదాం, నువ్వు కూడా కూర్చో అన్నాడు. వారం రోజులు మధ్యాహ్నాలు వసారాలో కూర్చున్నారు. ఆమె చదవలేదు. ఒక్కో కాగితం దుమ్ము దులిపి అందించేది. అతను పైనుంచి కిందిదాకా ఓపిగ్గా చదివేవాడు. "ఇందులో ఉన్నాడాండీ?" "లేడు." అదే ప్రశ్న, అదే జవాబు. రెండు వందల పన్నెండు శుభలేఖలు తేలాయి. ఈ పెట్టెలో అందరూ పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఎవరూ చావలేదు అని అతను జోకు వేస్తే ఆమె కూడా నవ్వింది.

చివరి రోజు నేను ఖాళీ అయ్యాను. అడుగున పేపరు తుప్పుకి అంటుకుపోయి ఉంది. సువార్తమ్మ తడిగుడ్డతో నానబెట్టి, గోటితో మెల్లగా లేపింది. కింద బోర్లా పెట్టిన కాగితం. తిప్పి చూసింది. అక్షరాలు రాకపోయినా ఆ ఇంట్లో చిన్నప్పటినుంచీ ఉత్తరాలు అందుకున్న మనిషి, పైన శ్రీ ఉందో లేదో తెలుసు.

"శ్రీ లేదండి బాబుగారండీ," అని అందించింది.

అతను చదివాడు. మోకాలు నాకు ఆనుకుని ఉంది, అందుకే తెలిసింది. ఆ మోకాలు కదలడం మానేసింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. తండ్రి అన్నగారి చేతిరాత అతనికి బాగా తెలుసు. ఆ రాతతోనే చిన్నప్పుడు అక్షరాలు దిద్దించారు. ఆ కాసేపట్లో అతని లోపల ఏం జరిగిందో నేను ఊహించగలను గాని, ఊహ అతనికి అనుకూలంగా పోతుందేమోనని భయం. రాతి మీద మొదటి పేరు భూషయ్యది. క్యాంపు పేరే అతనిది.

"ఏంటండీ అది?"

"చావు ఉత్తరం."

"ఎవరిదండీ?"

"ఎవరో. మనవాళ్ళెవరూ కాదు."

ఆమె ఇంకేదైనా అడుగుతుందేమోనని ఆగాడు. అడగలేదు. అతను తన చేతులతో ఏనాడూ కాగితం చింపి ఎరగడు. పరీక్ష పేపర్లు కూడా దాచుకునే మనిషి. తొడుగులు తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. ఉత్తరం ఆమె చేతిలో పెట్టాడు.

"ఇంట్లో ఉండకూడదు. చింపెయ్."

గుమ్మం బయటికి వెళ్ళి చింపింది. ఆచారం తెలిసిన మనిషి, పద్ధతిగానే చింపింది. రెండుగా, నాలుగుగా, గోరంత ముక్కలుగా. వేపచెట్టు మొదట్లో ముక్కలు పోసి, చెంబుతో నీళ్ళు పోసుకుని కాళ్ళు కడుక్కుంది. అక్కడే ఒక్క క్షణం కళ్ళు మూసుకుని నిలబడి, ఎవరైతేనేం, దిక్కులేనివాడిలాగున్నాడు, ప్రభువు తన దగ్గర చేర్చుకోవాలి అని పైకే అనుకుంది. వసారాలో ఉన్న నాకు వినిపించింది. అతనికీ వినిపించింది.

లోపలికొచ్చి, "ఇంకేం లేవాండి?" అంది.

"లేవు."

"అయితే మా నాన్నది లేనట్టే."

"లేనట్టే సువార్తా."

ఆదివారం కమిటీ ముందు ఆమే చెప్పింది. బాబుగారి తప్పేం లేదండీ, కాగితాలన్నీ నా చేతుల మీదుగానే వచ్చినయ్యి, మా నాన్న ఎక్కడా లేడు. ఆ తర్వాత వీధిలో ఎవరైనా పాత మాట ఎత్తితే ఆమె జవాబు చెప్పడం మానేసింది. చీపురు కట్ట తట్టుకుంటూ వెళ్ళిపోయేది. ఒకసారి మాత్రం మనవరాలితో అందట, పారిపోయే ఉంటాడులే, పారిపోతే ఎక్కడో బతికైనా ఉంటాడుగా.

రాయి మొదట పాత బావి పక్కన నిలపాలనుకున్నారు. పునాదికి గొయ్యి తీయాలి. గోవర్ధనరావు అక్కడ నేల మంచిది కాదని పట్టుబట్టి బడి ముందుకి మార్పించాడు. పదకొండు పేర్లు చెక్కారు. బడి పక్క గదిలో కాగితాలు గాజు కింద పెట్టారు, నన్ను బల్ల మీద పెట్టారు. ఆ గది ఊడ్చే పని సువార్తమ్మకి ఇచ్చారు. అది గోవర్ధనరావు సిఫారసే.

అడుగు పేపరు తీసేశాక నా లోపల అంతా ఎర్రటి తుప్పు. ఒక్కచోట మాత్రం, ఉత్తరం అరవై ఏళ్ళు ఆనుకుని ఉన్న అరచేతి మేర, బెజవాడలో వేసిన ఆకుపచ్చ అలాగే ఉంది. గోవర్ధనరావు తన చరిత్ర పుస్తకాన్ని సరిగ్గా దాని మీద పెట్టాడు. వారానికోసారి వస్తాడు. ఎవరూ లేనప్పుడు పుస్తకం తీసి, అక్కడ అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంటాడు. తండ్రి చెయ్యి ఎంత బరువుండేదో కొడుకు చెయ్యీ అంతే బరువు.

ఒకరోజు అతను ఉండగానే సువార్తమ్మ దుమ్ము తుడవడానికి పుస్తకం ఎత్తింది.

"ఇక్కడొక్కచోటే రంగు పోలేదేంటండీ?"

"కాగితం ఉండేది కదా."

"ఏం కాగితమండీ?"

"పాత పేపరు."

ఆమె తల ఊపింది. అప్పటినుంచి రోజూ తుప్పున్న మేరంతా తడిగుడ్డతో గట్టిగా రుద్దుతుంది. ఆ పచ్చని చోటికి వచ్చేసరికి గుడ్డ మార్చి, ఉన్న కాస్త రంగూ పోకూడదని, పొడిగుడ్డతో మెల్లగా అద్దుతుంది. తర్వాత పుస్తకం మళ్ళీ దాని మీద పెట్టి, అంచులు సరిచేసి, వెళ్ళిపోతుంది.