గేటు కాడికి రావలెను

శ్రామిక టాకీసు ఆపరేటరు సదయ్య రోజుకు నాలుగుసార్లు ఒక మీట నొక్కుతాడు. ఆయన ఉద్యోగం అంతే. ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఇదే గదిలో చేరినప్పుడు రెండు మిషన్లు, పదహారు రీళ్లు, మిషను వెలుగుకు కాల్చే కార్బన్ పుల్లల పొగ, చెమటకు ఒంటికి అతుక్కునే బనీను ఉండేవి. ఇప్పుడు గదిలో ఏసీ ఉంది. అది సదయ్య కోసం పెట్టింది కాదు, పెట్టె కోసం పెట్టింది. సినిమా ఆ పెట్టెలో ఉంటుంది, పెట్టె తాళం హైదరాబాదులో ఉంటుంది. ఏ ఆట ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు మొదలవ్వాలో, నడుమ ఏ ప్రకటనలు పడాలో అన్నీ అక్కడివాళ్లే రాసి పంపుతారు. ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుని డ్యూటీ చేసేవాడు గోదావరిఖని మొత్తంలో నేనొక్కణ్నే అని సదయ్య అందరికీ చెప్పుకుని నవ్వేవాడు. ఈ మధ్య ఆ మాట కూడా మానేశాడు.

ఒకప్పుడు ఈ టాకీసుకు గడియారం బొగ్గుబావి సైరనే. ఫస్ట్ షిఫ్టు వాళ్లు బావి ఎక్కి, ఒంటి మీది బొగ్గు కడుక్కుని, సైకిళ్ల మీద వచ్చి కూర్చునేదాకా ఫస్ట్ షో పడేది కాదు. సైకిల్ స్టాండు నిండిందా అని ఆపరేటరు కిటికీలోంచి తొంగి చూసి అప్పుడు మిషను తిప్పేవాడు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు, బావి ఆలస్యమైతే టాకీసూ ఆలస్యమే.

అంతకన్నా పెద్ద ముచ్చట స్లైడు. ఇంట్లో ఏదైనా జరిగితే, మనిషి బావిలో లేకపోతే, జనం ముందు పరిగెత్తేది టాకీసుకే. సదయ్య చేతి వెడల్పు గాజుపలకకు మసి పట్టించి, అగ్గిపుల్లతో పేరు గీకి, స్లైడు లైటులో పెట్టి తెర మీద వేసేవాడు. ఫలానా బావి, ఫలానా మనిషి, వెంటనే గేటు కాడికి రావలెను. స్లైడు పడగానే హాల్లో ఈల వేస్తున్నవాడు కూడా నోరు మూసుకునేవాడు, తన పేరు కాదని తేలాక ఊపిరి వదిలేవాడు. లేచి వెళ్లే మనిషికి దారి ఇవ్వడానికి వరస వరసంతా మోకాళ్లు ముడుచుకునేది.

అన్నీ చెడ్డ కబుర్లే కాదు. ఇరవై ఏడేళ్ల కిందట ఒక మ్యాట్నీలో సదయ్య ఇలా గీకాడు: ఓదెలు, కొడుకు పుట్టిండు, గేటు కాడికి రావలెను. హాలంతా గోలగోల చేసింది. పదకొండో బావి కోల్‌కట్టరు ఓదెలు కుర్చీ మీదికెక్కి నాలుగు దిక్కులా దండం పెట్టాడు. అతని చేతిలోని పల్లీల పొట్లం చిరిగి ముందు వరసల మీద పడింది. ఆ కొడుకే వీరేందర్. ఓదెలు ఊపిరితిత్తులు పాడై డ్యూటీకి పనికిరాడని తేలాక, తండ్రి ఉద్యోగం కొడుక్కి వచ్చింది. ఆ గాజుపలకను సదయ్య తుడవలేదు. పాత స్లైడు లైటు పక్కన, గుడ్డలో చుట్టి, ఇంకా అలాగే ఉంది.

ఇప్పుడు ఏడు వందల కుర్చీలకు నలభై మంది వస్తారు. టికెట్టు ఫోనులోనే వస్తుంది, గేటు దగ్గర సంతోషి అనే కొత్త అమ్మాయి ఫోను మీద మిషను పెట్టి కుయ్యిమనిపిస్తుంది. బయటి గేటు పక్క సైకిల్ స్టాండులో సైకిళ్లు లేవు. రేకుల కింద నీడ ఉంది కాబట్టి మధ్యాహ్నాలు అయిదారుగురు పడుచువాళ్లు అక్కడ చేరి తలలు వంచుకుని ఫోన్లలో ఆడుకుంటూ ఉంటారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. సదయ్య రోజూ వాళ్ల పక్కనుంచే మెట్లెక్కుతాడు. మొదట్లో మొహాలు చూసేవాడు. తల ఎత్తనివాళ్ల మొహం ఎన్నాళ్లని చూస్తాడు, చూడటం మానేశాడు.

ఆ మంగళవారం మ్యాట్నీ మొదలై అరగంటయింది. గది తలుపు నెట్టుకుని ఐలవ్వ వచ్చింది. ఓదెలు భార్య. చెప్పులు లేవు, మెట్లెక్కిన ఆయాసంతో గోడ పట్టుకుంది.

"సదయ్యా, మీ అన్న పోతున్నడు. కొడుకు మొకం చూస్తనంటున్నడు. వాడు లోపల్నే ఉన్నడు. స్లైడు ఎయ్యి," అంది.

ఉన్న సంగతి ఆమె మూడు ముక్కల్లో చెప్పింది. ఓదెలు నాలుగు రోజులుగా దవాఖానలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. పొద్దున బాగానే ఉన్నాడు. నైట్ షిఫ్టు దిగిన వీరేందర్ తండ్రికి గంజి తాగించి, కాసేపు శ్రామికలో సినిమా చూసి వస్తనని భార్య యమునకు చెప్పి వెళ్లాడు. రెండు దాటాక ఓదెలుకు ఎగశ్వాస మొదలైంది. గంట, మహా అయితే గంటన్నర అన్నాడు డాక్టరు. యమున పద్దెనిమిదిసార్లు ఫోను చేసింది. మోగుతోందిగానీ ఎత్తడం లేదు. సినిమాలో ఉన్నాడు కదా, సౌండు తీసేసి ఉంటాడనుకున్నారు. అందుకే యమునను మంచం దగ్గర ఉంచి ఐలవ్వ ఆటో ఎక్కింది. ఆ కాలపు మనిషికి ఆ కాలపు దారే గుర్తొచ్చింది.

ఇప్పుడు స్లైడ్లు నడవవని ఆమెకు చెప్పడానికి సదయ్యకు నోరు రాలేదు. సంతోషిని పిలిచి, టార్చి ఇచ్చి లోపలికి పంపాడు. వీరేందర్ ఏ సీటులో ఉన్నాడని అడిగితే, మిషనులో సీటు నంబరే ఉంటుంది, పేరుండదని ఆ పిల్ల చెప్పింది. లోపల తుపాకుల మోత. ఆమె వీరేందర్, వీరేందర్ అని పిలుచుకుంటూ వరసల మధ్య తిరిగింది. టార్చి వెలుగు మొహం మీద పడిన జంట ఒకటి తిట్టింది. వీరేందర్‌ను ఆమె ఎన్నడూ చూడలేదు, పలికినవాడూ లేడు. తిరిగొచ్చి తల అడ్డంగా ఊపింది.

"వాడు చెవులల్ల ఏందో పెట్టుకుంటడు, ఇనవడది," అంది ఐలవ్వ. "కండ్లకు కనవడితె లేస్తడు."

సదయ్య కొవ్వొత్తి వెలిగించాడు. కొత్త పలక వెతికి మసి పట్టించి, అగ్గిపుల్ల తీసుకున్నాడు. పదేళ్లుగా రాయని చెయ్యి, అయినా అక్షరం వంకరపోలేదు. పాత లైటు వెలుగుతుందో లేదో అనుకున్నాడు, వెలిగింది. పలక తలకిందులుగా దూర్చి తెర వైపు తిప్పాడు. తెర మీద ఏమీ కనిపించలేదు. పెట్టె వెలుగు ముందు ఆ లైటు ఏపాటిది, పట్టపగలు దీపం పెట్టినట్టే ఉంది. హీరో చొక్కా మీద ఎక్కడో ఒక నీడలాంటిది కదిలింది, అంతే.

ఆట ఆపితే తప్ప అది కనిపించదు. ఆపడానికి ఇంటర్వెల్ దాకా ఆగాలి, ఇంటర్వెల్‌కు ఇంకా నలభై నిమిషాలుంది. యజమాని విష్ణువర్ధన్ కరీంనగర్‌లో ఉన్నాడు. సదయ్య ఫోను చేసి సంగతి చెప్పాడు. విష్ణువర్ధన్ చెడ్డవాడు కాదు, అయ్యో అన్నాడు, ఓదెలు తనకూ తెలుసన్నాడు. కానీ పెట్టెను ముట్టుకోవద్దన్నాడు. పోయిన నెల ఫ్యూజు పోయి రెండు నిమిషాలు ఆట ఆగితేనే సంజాయిషీ అడిగారు. ఇంకోసారి ఆగితే పెట్టె పట్టుకుపోతారు, కొత్త సినిమా రాదు, హాలు మూసుకోవాల్సిందే. హైదరాబాదు వాళ్లను అడగండి, వాళ్లు ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదన్నాడు.

సదయ్య హైదరాబాదుకు చేశాడు. ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా స్వాగతం చెప్పి, తెలుగుకు ఒకటి నొక్కమంది. నొక్కాడు. బొమ్మ రాకపోతే ఒకటి, సౌండు రాకపోతే రెండు, తాళం తెరుచుకోకపోతే మూడు అంది. చనిపోయే మనిషికి ఏ అంకె నొక్కాలో ఆమె చెప్పలేదు. మూడూ నొక్కి చూశాడు. మీ పిలుపు మాకెంతో ముఖ్యమని చెప్పి పాట పెట్టింది. ఐలవ్వ ఆయన మొహంలోకే చూస్తోంది. ఫోనులో ఎవరో పెద్దసారు ఉన్నాడనీ, సదయ్య ఆయనను బతిమాలుతున్నాడనీ ఆమె అనుకుంటోంది. పాట అలా ఆరు నిమిషాలు సాగింది. ఈ ఆరు నిమిషాలూ కొడుకు ఓదెలు పక్కన ఉండాల్సినవి కదా అని సదయ్యకు ఒళ్లు మండిపోయింది.

ఫోను బల్ల మీద పడేసి, పెట్టె మీట నొక్కాడు.

బొమ్మ ఆగింది, తుపాకులు ఆగాయి, హాలు నల్లబడింది. ఆ నలుపులో పసుపుపచ్చ వెలుగుతో అక్షరాలు తేలాయి: వీరేందర్, తండ్రి ఓదెలు, వెంటనే గేటు కాడికి రావలెను.

సదయ్య, ఐలవ్వ చిన్న కిటికీ దగ్గర తలలు ఆనించి చూశారు. ఎవరూ లేవలేదు. నలభై మందీ ఎక్కడివాళ్లక్కడే తెర వైపు చూశారు. ఎవరికీ ఊపిరి బిగబట్టాలని తోచలేదు. అది ప్రకటన అనుకున్నారో, తమాషా అనుకున్నారో. ఒకడు ఫోనెత్తి ఆ అక్షరాలను వీడియో తీసుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు.

"లేస్తలేడేంది?" అంది ఐలవ్వ.

"లేస్తడు వదినె. ఆగు," అన్నాడు సదయ్య. ఆ మాట మీద ఆయనకే నమ్మకం లేదు. హాల్లో తలలు లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. అప్పుడే ఐలవ్వ కొంగుముడిలోని చిన్న ఫోను మోగింది. అవతల యమున. ఆమె ఏం చెప్పిందో సదయ్యకు వినపడలేదు, వినాల్సిన పని కూడా లేకపోయింది. ఐలవ్వ ఫోను చెవి దగ్గర పెట్టుకునే మెల్లగా నేల మీద కూర్చుండిపోయింది.

అంతలో కింద హాల్లో ఫోన్లు ఒకటొకటిగా టింగుటింగుమన్నాయి. ఆట ఆగిన సంగతి హైదరాబాదుకు ఎవరూ చెప్పనవసరం లేకుండానే తెలిసింది. టికెట్ల డబ్బులు వాపసు పంపేశారు. ఓదెలు కోసం అక్కడ ఒక్క మనిషీ ఫోనెత్తలేదు, దీనికి మాత్రం అర నిమిషం పట్టలేదు. నలభై మందీ లేచి, గొణుక్కుంటూ బయటికి నడిచారు. సదయ్య గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరి మొహం చూశాడు. వీరేందర్ లేడు. సినిమా అని చెప్పి వీడెక్కడికి పోయాడు, యమునతో అబద్ధం ఎందుకాడాడు అని మనసులో తిట్టుకున్నాడు. చేతిలో గాజుపలక ఇంకా వెచ్చగానే ఉంది.

హాలు ఖాళీ అయ్యాక, ఆటో పిలుద్దామని బయటి గేటు వైపు నడిచాడు. సైకిల్ స్టాండులో పడుచువాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. జనమంతా పక్కనుంచి పోయినా వాళ్లు తల ఎత్తలేదు. చివర గోడకానుకుని కూర్చున్నవాడు మాత్రం రెండు బొటనవేళ్లూ టకటకలాడించి, గెలిచినట్టున్నాడు, మెడ విరుచుకుంటూ తల ఎత్తాడు. ఓదెలు ముక్కు, ఓదెలు నుదురు. సదయ్య వెళ్లి వాడి ముందు నిలబడ్డాడు. తాను మధ్యాహ్నం మెట్లెక్కినప్పుడు కూడా వీడు ఇక్కడే కూర్చుని ఉన్నాడు. ఐలవ్వ కూడా చెప్పుల్లేని కాళ్లతో ఇదే రేకుల పక్కనుంచి పరిగెత్తి ఉంటుంది.

వీరేందర్ ఒక చెవిలోని గుండీ తీశాడు.

"ఏం కాక, ఆట గింత జల్ది ఇడిసిండ్రు?" అన్నాడు.

సదయ్యకు తిట్టాలని ఉంది, పట్టుకుని ఏడవాలని ఉంది. రెండూ చాతకాలేదు. పలకను వాడి చేతికిచ్చాడు. వీరేందర్‌కు అదేమిటో తెలియలేదు. అటూ ఇటూ తిప్పి, నల్లటి గాజులో ఏదో గీత ఉందని ఎండకు ఎత్తి పట్టుకుని, కూడబలుక్కుంటూ చదివాడు. తన పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు. ఫోనులో ఆట నడిచినంతసేపు వచ్చే కాల్స్ కనపడవు కాబోలు, ఇప్పుడు ఒడిలో పడి ఉన్న ఫోనులో యమున పేరు వరసగా పడుతూ ఉంది. మెట్ల మీద సంతోషి చెయ్యి పట్టుకుని ఐలవ్వ దిగుతోంది.

వీరేందర్ తల్లిని చూశాడు, మళ్లీ పలకను చూశాడు.

"నేను గేటు కాడనే ఉన్న గద, కాక," అన్నాడు.