కొసరు కొత్తిమీర

మా చెల్లెలు కోమల కొత్తిమీర డబ్బిచ్చి కొనదు. అది వాళ్ళ అత్తగారింటి పద్ధతి. పుదుచ్చేరిలో నాలుగు తరాలుగా ఇత్తడి సామాను అమ్ముతున్న ఇల్లు. కూరగాయలు కొంటే కొత్తిమీర కొసరుగా రావాలి, అంతే. కొన్న కొత్తిమీర గడప దాటితే అంగడి మూతపడుతుందని వాళ్ళ నమ్మకం.

ఆ రోజు నేను మా ఊరు ఏంబలం నుంచి బోరు మోటారు తెచ్చి, రిపేరుకిచ్చి, దాని ఇంటికి పోయినాను. కోమల కూర్చోమనలేదు. చేతికి రెండు సంచులిచ్చింది.

సంగతేందంటే, నరేంద్రన్ అని ఒకాయనకు బస్టాండు దగ్గర టిఫినంగడి ఉంది. బజ్జీల్లోకి పచ్చ చట్నీ ఎవరైనా ఇంట్లో చేసిస్తే రోజూ తీసుకుంటానని ఫోనులో చెప్పినాడంట. ముఖం చూసింది లేదు. సాయంత్రం నాలుగింటికి వచ్చి రుచి చూస్తాడు, పనివాళ్ళకూ చూపించడానికి ఒక గిన్నెడు పట్టుకుపోతాడు. నచ్చితే ఆర్డరు. పెళ్ళయిన పద్దెనిమిదేండ్లలో తనకంటూ ఒక పని దొరికేట్టు ఉండడం కోమలకు ఇదే మొదలు.

పుదీనా కుండీలో ఉంది. అల్లం, పచ్చిమిరప, వేయించిన శనగపప్పు, నిమ్మకాయ సిద్ధం. గిన్నెడు చట్నీకి కొత్తిమీర పది కట్టలు కావాలి. కొసరంటే అయిదారు కాడలు.

మార్కెట్లో కొత్తిమీర కట్టలు కుప్పలుగా ఉన్నాయి. కోమల వాటి వంక చూడలేదు. ఒకామె దగ్గర పావుకిలో బీరకాయ, ఒకామె దగ్గర పావుకిలో బెండకాయ, అట్లా వరస పట్టింది. వంకాయకు అయిదు కాడలొస్తే గుమ్మడికాయకు గుప్పెడొస్తుందని మధ్యలో కనిపెట్టింది. అక్కణ్ణుంచి గుమ్మడికాయలే. పదకొండు.

సెంగమలం అనే ఆమె ఇందాకే కొసరిచ్చినానని గొణిగితే, కోమల నన్ను తలగుడ్డ చుట్టుకొని రెండోసారి పొమ్మంది. పోయినాను. సెంగమలం నన్ను ఎగాదిగా చూసి రెండింతలు పెట్టింది. మతి సరిగా లేనివాళ్ళకు అట్లా పెడతారేమో.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన మా బావ రంగనాథం గడపలోనే నిలబడిపోయినాడు. కాలు పెట్టే చోటు లేదు. "ఏంది బావా, వచ్చే ఆయన్ని యాడ కూర్చోబెడతాం, గుమ్మడికాయ మీదా?" అన్నాడు. కాయలన్నీ బయట అరుగు మీదికి చేర్చినాం. చేర్చేసరికి అంగడి మాదిరి అయింది.

పక్కవీధి కయల్విళి ఆగి, గుమ్మడికాయ ఎంతని అడిగింది. కోమల కొన్న ధరే చెప్పింది. ఇంటికి చోటొస్తే చాలనుకుంది. కయల్విళి డబ్బిచ్చి, కాయ చంకనెత్తుకొని, కదల్లేదు.

"కొసరు?" అన్నది.

కోమల నా ముఖం చూసింది. నేను గోడ చూసినాను. వ్యాపారస్తుల కోడలు, బోణీ బేరానికి కొసరు లేదని ఎట్లా చెబుతుంది? లోపలికి పోయి గుప్పెడు తెచ్చిచ్చింది.

కొన్న ధరకే ఇస్తున్నారని వీధంతా తెలిసింది. మనిషి మీద మనిషి వచ్చినారు. ఒక్కరూ కొసరు మరిచిపోలేదు. మూడున్నరకు అరుగు ఖాళీ అయింది, లోపల కొత్తిమీర బుట్టా ఖాళీ అయింది. మిగిలింది అరకిలో వంకాయలు, ఒక గుప్పెడు కొత్తిమీర.

అప్పుడొకాయన స్కూటరాపి వంకాయలు చూసినాడు. ఒక్కొక్కటే తొడిమ పట్టి తిప్పి చూసినాడు. గోళ్ళ సందుల్లో శనగపిండి ఉంది. నేను చూసినాను. చెప్పలేదు, నన్నెవరూ అడగలేదు. ఆయన డబ్బిచ్చి వంకాయలన్నీ సంచిలో వేసుకుంటే, కోమల చివరి గుప్పెడు కొసరుగా వేసింది.

ఆయన సంచి ముడేసి, "నేను నరేంద్రన్‌నమ్మా. చట్నీ రుచికి వచ్చినాను," అన్నాడు.

కోమల ఆయన సంచి వంక చూసింది.

"మీ సంచిలో ఉందన్నా," అన్నది కోమల.

"చట్నీనా?"

"కొత్తిమీర. ఇట్లివ్వండి, చేస్తాను."

ఆయన సంచి విప్పి ఇచ్చినాడు. కోమల పుదీనా తుంచి, అన్నీ వేసి, రంగు పోకుండా రెండు ఐసు ముక్కలు పడేసి మిక్సీ తిప్పింది. రెండు గరిటెలొచ్చింది. వేడివేడి అరటికాయ బజ్జీలు నాలుగు పెట్టింది. ఆయన నాలుగూ తిన్నాడు. చివరి ముక్కతో ప్లేటు తుడిచినాడు. గిన్నె ఏదని అడిగినాడు. గిన్నె ఉంది, చట్నీ లేదని కోమల జరిగిందంతా దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ చీరకొంగు పిండుతానే ఉంది.

ఆయనకు నవ్వు రాలేదు. తన అంగడికి రోజూ నలభై కిలోల కూరగాయలు దిగుతాయన్నాడు. దాంతో వచ్చే కొసరు బుట్టెడు ఉంటుందంట, సగం ఆవులకు పోతుందంట. పొద్దున్నే ఆటోలో పంపిస్తాను, రోజూ మూడు కిలోల చట్నీ చేసివ్వమన్నాడు.

"అంతా కొసరేనా?" అని అడిగింది కోమల.

"కొసరేనమ్మా."

"అయితే చేస్తాను."

నరేంద్రన్ పోయినాక చూస్తే వంకాయల సంచి అరుగు మీదే ఉంది. డబ్బిచ్చిన సరుకు మనింట్లో ఉండకూడదని కోమల నన్ను తరిమింది. వీధి చివర ఆయన స్కూటరు కిక్కు కొడుతుంటే పట్టుకొని సంచి ఇచ్చినాను. ఆయన విప్పి, వంకాయలు అటూ ఇటూ కదిపి చూసినాడు.

"కొసరేదయ్యా?"

"మీరే తిన్నారు," అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, తలూపి, బండెక్కినాడు.